నాన్న వాలు రాత

పాత ఇనప సామాన్ల కొట్లో ఆ రేకు బోర్డు తూకం వేస్తే ఏడున్నర కిలోలు తూగింది. 250 రూపాయలిచ్చి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. అంచులు తుప్పు పట్టాయి. ఒక మూల మేకు కన్నం పెద్దదై రేకు చిరిగింది. పసుప్పచ్చ మీద ఎర్రరంగుతో 'సైకిల్ టాక్సీ' అని రాసుంది. ఎరుపు వెలిసి ఇటికరంగుకి తిరిగింది గానీ అక్షరం ఎక్కడా చెదరలేదు. లావుగా, మూలల్లేకుండా, మొత్తం కుడివైపుకి వాలి, ఎదురుగాలిలో సీటు మీంచి లేచి తొక్కుతున్న కుర్రాడిలా ఉన్నాయి ఆ అక్షరాలు.

గంటకింతని సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టుండేదని ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఆ కొట్టు పోయింది, ఆ సందే పోయింది. బోర్డు మాత్రం ఎవరి దొడ్లోనో కోళ్లగూటికి పైకప్పుగా కొన్నేళ్లు కొలువు చేసి, చివరికి తక్కెట్లోకొచ్చింది.

నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు. ముప్పయ్యేళ్ల కిందటి తన రాత చూసుకుని మురిసిపోతాడనుకున్నాను.

"టాకి దీర్ఘం పొడుగైపోయిందిరా. ఆ రోజు జ్వరం నాకు" అన్నాడు.

మాది పాలకొల్లు. క్షీరారామం గోపురం ఎటు నుంచి వచ్చినా ముందు కనిపించే ఊరు. అక్కడ నాన్నని అందరూ 'ఆర్టిస్టు గారూ' అనేవారు. బొమ్మలు వేసేవాడు కాదు. అక్షరాలే రాసేవాడు. మా ఊరి నుంచే మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి 'సాక్షి'తో మొదలుపెట్టి సినిమా పబ్లిసిటీలో ఎంత పేరు తెచ్చుకున్నారో తెలిసిందే. కొత్త సినిమా పోస్టరు పడగానే ఊరంతా హీరో మొహం చూస్తే నాన్న టైటిల్ చూసేవాడు. సినిమా బాగుందో లేదో ఆయనకి తెలిసేది కాదు. 'ల' ఎలా తిప్పారో మాత్రం మర్చిపోయేవాడు కాదు.

ఆయన దగ్గర రెండే రాతలుండేవి. నిలువు రాత, వాలు రాత. గుడికి, బడికి, డాక్టరు గారికి నిలువు రాత. బండికి, సోడాకి, బేకరీకి, ఫ్యాన్సీ కొట్టుకి వాలు రాత. ఒకసారి ఒక ప్లీడరు గారు వచ్చి తన బోర్డు కూడా ఆ సైకిల్ కొట్టు బోర్డులాగే షోకుగా రాయమన్నారు. "వద్దండీ, అక్షరం వాలితే కేసు వాలిపోయిందనుకుంటారు" అని నాన్న నిలువుగానే రాసిచ్చాడు. ఆ ప్లీడరు గారు చివరిదాకా ఆ మాట అందరికీ చెప్పి నవ్వేవారు.

వాలు రాతకి ఆయన కొలత ఒకటే. అడుగు ఎత్తు అక్షరానికి రెండున్నర అంగుళాల వాలు. శుభలేఖ అట్టని ఆ వాలుకి కత్తిరించి జేబులో పెట్టుకునేవాడు. సుద్ద పూసిన దారం రెండు చివర్లా పట్టుకుని టప్పున వదిలితే రేకు మీద పైగీత, కిందగీత పడేవి. వాటి మధ్య అట్ట ఆనించి నాలుగైదు వాలు గీతలు పెన్సిల్‌తో గీసుకునేవాడు. అక్కడితో కొలతలయిపోయేవి. ఆ తర్వాతంతా కన్నే. ఎడంచేతిలో కర్ర, కర్ర మీద కుడిచేతి మణికట్టు, వేళ్ల మధ్య బ్రష్. గీత చివరికొచ్చేసరికి బ్రష్‌ని వేళ్లతో చిన్నగా తిప్పేవాడు. అక్కడ చివర గుండ్రంగా ముగిసేది. మూల ఎందుకు రానివ్వవని అడిగితే "రంగు ముందు మూలల్లోనే పెచ్చు లేస్తుందిరా" అనేవాడు. ఇది నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలీదు. కానీ ఆ బోర్డు మీద ఒక్క పెచ్చు లేవలేదన్నది కళ్లముందే ఉంది.

బండ్ల మీద రాతకి ఇంకో చిక్కుండేది. ఎప్పుడైనా గమనించారో లేదో, బస్సుకి కుడిపక్క నిలబడి చూస్తే బస్సు మొహం మన కుడిచేతి వైపు ఉంటుంది. కుడికి వాలిన అక్షరం కూడా బస్సుతో పాటే పరిగెడుతుంది. అదే ఎడంపక్కకొచ్చి చూడండి. బస్సు ఎడమకి పోతుంటే అక్షరం కుడికి, అంటే వెనక్కి వాలి ఉంటుంది. బస్సు వెళతానంటుంటే అక్షరం రానంటున్నట్టు. ఒక లారీ ఓనరు ఇది కనిపెట్టి నాన్నతో దెబ్బలాటకి దిగాడు. ఎడంపక్క అక్షరాలు ఎడమకి వాల్చమన్నాడు. నాన్న సుద్దతో రాసి చూపించాడు. తెలుగు అక్షరం ఎడమకి వాలితే తాగి పడబోతున్నట్టుంది. ఓనరే వద్దన్నాడు. చివరికి నాన్న ఎడంపక్క కూడా కుడివాలే రాసి, అక్షరాల వెనక నాలుగు సన్నటి గీతలు గాలిలా లాగాడు. గాలికి వెనక్కి వంగాయనుకుంటారులే అని. ఆ ఓనరు ఇంకో రెండు లారీలు తెచ్చాడు.

నిజానికి వాలు మన అక్షరానికి పుట్టుకతో వచ్చింది కాదు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని మన అక్షరాలు గుండ్రమయ్యాయంటారు. ఆ గుండ్రం మన సొంతం. వాలు అచ్చుయంత్రాలతో పాటు అటునుంచి వచ్చిన అలవాటు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనుటియస్ అనే ఆయన వర్జిల్ పుస్తకాన్ని వాలు అక్షరాలతో అచ్చు వేశాడు. వాటిని పోతపోయడానికి చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఇటలీ నుంచి వచ్చింది కాబట్టి ఇటాలిక్ అయింది. అది వాళ్ల చేతిరాత నుంచి పుట్టిన వాలు. నిలువక్షరాన్ని పక్కకి తోసేస్తే వచ్చింది కాదు. 1939లో అమెరికాలో మాక్స్ కాఫ్‌మన్ గీసిన 'బెలూన్' అనే టైపు చూస్తే నాన్న రాతకి దూరపు చుట్టంలా ఉంటుంది. అదే లావు, అవే గుండ్రటి చివర్లు, అదే తొందర. నాన్నకి ఆ పేరు తెలీదు. బ్రష్‌తో వేగంగా రాసే చెయ్యి ఎక్కడైనా అలాగే తిరుగుతుందేమో.

ఈ సంగతులన్నీ నేను తెలుసుకున్నది చాలా ఆలస్యంగా. 1999లో నేను డీటీపీ నేర్చుకున్నప్పుడు నాకు తెలిసిన వాలు ఒక్కటే. అక్షరాలు సెలెక్ట్ చేసి, పేజ్‌మేకర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఐ కలిపి నొక్కడం. నాన్న ఒక పూట కూర్చుని చేసేది నేను క్షణంలో చేసేసి, కుర్చీ వెనక్కి వాల్చి కూర్చునేవాణ్ని. అనూ ఫాంట్లున్నాయి, కోరల్‌డ్రా ఉంది. అక్షరం సన్నగా ఉందా, ఎఫ్12 కొట్టి అవుట్‌లైన్ మందం పెంచెయ్. మూలలు గుచ్చుకుంటున్నాయా, అందులోనే గుండ్రం మూల అని టిక్ పెట్టెయ్. వాలాలా, ఇంకోసారి క్లిక్ చేసి పైగీత పట్టుకుని లాగెయ్. లావు, గుండ్రం, వాలు. మూడూ అయిపోయాయి.

2004కల్లా ఫ్లెక్సీలు మా ఊరికీ వచ్చేశాయి. ఫైలు ఇక్కడ తయారుచేసి భీమవరం పంపితే సాయంత్రానికి ఫ్లెక్సీ చుట్ట చుట్టుకుని బస్సులో వచ్చేసేది. అప్పటికే నాన్న పని సగానికి పడిపోయింది. అంతకు ముందే శేషన్ గారు ఎన్నికల కమిషనర్‌గా ఉన్న రోజుల్లో గోడరాతల మీద కట్టడి గట్టిపడి, ఎలక్షన్ సీజన్ పోయింది. మిగిలిన షాపుల బోర్డులు ఫ్లెక్సీ పట్టుకుపోయింది. అందులో నా వాటా ఎంతో లెక్క కట్టలేను గానీ, మా బజార్లో మాత్రం నాన్న చేతిలోంచి జారిన పని చాలావరకు నా కంప్యూటర్లోనే పడింది. ఇంట్లో ఎవరూ ఈ మాట అనలేదు. సంపాదన ఇంట్లోకే వస్తోంది కదా అని అమ్మ సర్దుకుంది. నాన్న ఏమనుకున్నాడో నేను అడగలేదు.

ఆ రోజుల్లోనే ఒక పాల కేంద్రం వాళ్లకి పదడుగుల ఫ్లెక్సీ చేశాను. నీలం మీద తెల్లటి అక్షరాలు. లావు పెంచాను, ఇంకా పెంచాను. పదిహేను డిగ్రీలు దాటించి వాల్చాను. స్క్రీన్ మీద దివ్యంగా ఉంది. మర్నాడు పొద్దున్నే ఓనరు నా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా, మేం పాలమ్ముతున్నామా, వాలమ్ముతున్నామా?"

వెళ్లి చూశాను. 'పా' నోరు మూసుకుపోయింది. రోడ్డవతల నుంచి చూస్తే 'వాల కేంద్రం' అనే ఉంది. అప్పటికే పక్క టీకొట్టు దగ్గర కుర్రాళ్లు పేరు పెట్టేశారు కూడా.

అవుట్‌లైన్ మందం పెంచితే గీత బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో లోపల చోటెక్కువ, అవి తట్టుకుంటాయి. తెలుగులో 'ప'కీ 'వ'కీ తేడా నోరు తెరిచి ఉందా లేదా అన్నంత మాత్రమే. 'థ' కడుపులో చుక్క పూడిపోతే 'ధ' అయిపోతుంది. ఇక వాలు సంగతి. గుండ్రటి గాజుని నాలుగు పక్కలా ఒకే మందంతో ఊహించుకోండి. దాన్ని పైన పట్టుకుని కుడికి తోస్తే ఒట్టి కోడిగుడ్డు ఆకారం రాదు. పై కుడిమూల, కింది ఎడమమూల లావెక్కుతాయి. మిగతా రెండు మూలలు చిక్కిపోతాయి. అక్షరం వాతమొచ్చినట్టవుతుంది. అదీగాక పైనుండే గుడి కుడికి పారిపోయి పక్క అక్షరం మీద పడుతుంది. కిందుండే ఒత్తు ఎడమకి జారి వెనక అక్షరం కాళ్ల కిందకి పోతుంది. క్రావడి అయితే మరీ. 'చక్రం' అని వాల్చి చూడండి, క్రావడి కాస్తా 'చ' కింద చేరుతుంది.

ఇదంతా ఆ రోజు నాకు తెలీదు. ఫ్లెక్సీ మళ్లీ కొట్టించాలంటే డబ్బులు నావి, రెండు రోజులు పడుతుంది. ఓనరు అరుస్తున్నాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ సంగతి అమ్మకి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. నాన్న వింటున్నాడని చూసుకోలేదు.

ఆ రాత్రి పదింటికి నాన్న నిచ్చెన తీసుకుని వెళ్లాడట. నీలం ఎనామెల్ కలిపి ఫ్లెక్సీ రంగుకి సరిగ్గా తెచ్చి, 'పా' మూసుకుపోయిన నోరు తెరిచాడు. మలుపుల్లో లావెక్కిన చోట రెండు వైపులా గీకినట్టు తగ్గించాడు. 'కేంద్రం'లో క్రావడిని సగం నీలంతో కప్పేసి, తెల్లరంగుతో దాని అక్షరం కిందకి లాగి రాశాడు. పొద్దున్న నేను వెళ్లేసరికి 'పాల కేంద్రం' అని ఉంది. ఓనరు నాన్నకి డబ్బులివ్వబోతే, "మా వాడి పనే కదండీ" అన్నాడట.

నెల తిరగకుండానే ఆ ప్లాస్టిక్ గుడ్డ మీద ఎనామెల్ పెచ్చులూడిపోయింది. పాలు మళ్లీ వాలు అయ్యాయి. ఈలోగా నేను కొత్తది కొట్టించి ఇచ్చాననుకోండి. కానీ బజార్లో నాన్న నిచ్చెన ఎక్కింది అదే ఆఖరు. ఎవరూ మానమనలేదు. ఎవరూ పిలవలేదు, అంతే. నలభయ్యేళ్లు ఊరంతా రాసిన చెయ్యి చివరికి నా తప్పు దిద్ది ఇంటికొచ్చేసింది.

2022లో రాష్ట్రంలో ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు టీవీ ముందు కూర్చున్న నాన్న లేచి అటక వైపు చూశాడు. నేనే స్టూలెక్కి డబ్బా దింపాను. బ్రష్‌లన్నీ పుల్లల్లా బిగుసుకుపోయాయి. రెండు రోజులు టర్పెంటైన్‌లో నానబెట్టాడు. ఒక్కటి మాత్రం కాస్త మెత్తబడింది. నా పనేమవుతుందో అన్న భయంతో నేను ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటుంటే, ఆయన ఆ ఒక్క బ్రష్‌ని గుడ్డతో తుడిచి వెలుతుర్లో పెట్టి చూసుకుంటున్నాడు. ఆ వారం మా ఇంట్లో ఒకే వార్తకి ఇద్దరం రెండు రకాలుగా మేలుకున్నాం. తర్వాత గడువు వెనక్కి జరిగింది. ఫ్లెక్సీలు యథాప్రకారం కొడుతూనే ఉన్నాను. బ్రష్ మళ్లీ డబ్బాలోకి పోయింది.

ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే ఆయన వీధి పెయింటర్ల రాతల్ని ఫాంట్లుగా మార్చి, వాటికి ఆ పెయింటర్ల పేర్లే పెట్టేవారు. 2024లో ఆయన చనిపోయినప్పుడు వచ్చిన వార్తలు చదివాకే నాకీ ఆలోచన వచ్చింది. నాన్న వాలు రాతని ఫాంటు చేస్తే?

తెలుగులో లావు ఫాంట్లు లేవని కాదు. సిలికానాంధ్ర వాళ్లు అష్టదిగ్గజాల పేర్లతో ఉచితంగా ఇచ్చినవాటిలో 'రామభద్ర' ఉంది, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న అక్షరం. ముంబయి ఏక్ టైప్ వాళ్ల 'బాలూ' ఉంది, ఎలుగుబంటి పిల్లలా బొద్దుగా. అందులో ఒక్కో భాషకి ఒక్కో వరస. బెంగాలీకి దా, మలయాళానికి చేటన్, మనకి తమ్ముడు. 'బాలూ తమ్ముడు' అన్న పేరు చూసి నేను చాలాసేపు నవ్వుకున్నాను. కానీ ఇవన్నీ నిటారుగా నిలబడే అక్షరాలు. వాల్చాలంటే మళ్లీ బటనే గతి, మళ్లీ గాజు కథే.

సరే, మొదలుపెట్టాను. ఊళ్లో, చుట్టుపక్కల మిగిలిన నాన్న బోర్డులు వెతికి ఫోటోలు తీశాను. ఒక రైసుమిల్లు వెనక గోడ, మూతపడిన సోడా కొట్టు తలుపు, ఈ సైకిల్ టాక్సీ రేకు. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అక్షరం మీద గీత గీసుకుంటూ పోయాను. అక్కడ తెలిసింది అసలు సంగతి. నాన్న 'సై'లో సున్నాలు వాలవు. వాటి నడుం వాలుతుంది గానీ లోపలి ఖాళీ గుండ్రంగానే ఉంటుంది. పై కుడి మలుపులో గీత వెంట్రుకవాసి సన్నం. 'క్సీ'లో క వాలింది, పైన గుడిదీర్ఘం వాలింది, కింద ఒత్తు మాత్రం ఎడమకి జారకుండా కుడికి జరిగి క కిందే నిలబడింది. కంప్యూటర్లో కొలిస్తే వాలు పన్నెండు డిగ్రీలు వచ్చింది. అన్ని బోర్డుల మీదా అంతే. శుభలేఖ అట్ట అబద్ధం చెప్పలేదు.

కాకపోతే ఫాంటుకి అక్షరాలన్నీ కావాలి. ఒత్తులు, గుణింతాలతో కలిపి వందల రూపాలు. దుకాణాల పేర్లలో అన్ని అక్షరాలెందుకుంటాయి? ఫ్యాన్సీలో ఫ ఉంది, టైలర్స్‌లో ట ఉంది. ఝ ఎక్కడా లేదు. బండి ఱ లేదు. ఙ, ఞ సంగతి సరేసరి. ఉన్న ముక్కలు అతికించి నేనే ఝ తయారుచేసి నాన్నకి చూపించాను.

ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది నాది కాదురా" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఇది ఆ పాల కేంద్రం ఝ" అన్నాడు.

ఇరవయ్యేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు. నాకు వెంటనే నవ్వు రాలేదు. ఆయనే నవ్వాడు. అప్పుడు అడిగాను, రాసిస్తావా అని. ఆయన కుడిచెయ్యి చాపి చూపించాడు. ఈ మధ్య గ్లాసు పట్టుకున్నా ఒణుకుతోంది. 79 ఏళ్లు. కాగితం ఇస్తే గీత పురుగు పాకినట్టొచ్చింది. కాగితం పక్కన పడేసి, "సుద్దముక్క పట్రా" అన్నాడు.

వరండా గచ్చు మీద పీట వేసుకుని కూర్చున్నాడు. అడుగున్నర ఎత్తున రాయడం మొదలుపెట్టాడు. చిన్నగా రాస్తే వేళ్లు రాస్తాయిట, పెద్దగా రాస్తే భుజం రాస్తుందిట. భుజానికి ఒణుకు లేదు. సుద్ద పక్కకి పడుకోబెట్టి, దాని పొడుగంతా గచ్చుకి ఆనించి లాగాడు. మలుపు దగ్గర చిన్నగా లేపాడు. చివర తిప్పాడు. ఝ వచ్చింది. వాలి ఉంది, కానీ ఎక్కడా పడిపోవట్లేదు. నలభయ్యేళ్లలో ఏ బోర్డు మీదా రాసే అవసరం రాని అక్షరం.

"దీంతో ఎవడు ఏం రాస్తాడ్రా?" అన్నాడు.

"ఝుమ్మని రాస్తారు నాన్నా."

"అయితే కొమ్ము కూడా కావాలన్నమాట" అని పక్కన ఇంకోటి మొదలుపెట్టాడు.

నేను స్టూలెక్కి ఫోటోలు తీస్తుంటే అమ్మ బకెట్టు, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సాయంత్రం దీపాల వేళయింది, గచ్చు కడుక్కోవాలి, తండ్రీకొడుకులు ఎంతసేపు ఆడుకుంటారంది.

"ఒక్క నిమిషం ఆగు. బండి ఱ ఉంది ఇంకా" అన్నాడు నాన్న, సుద్దముక్క అటూ ఇటూ తిప్పి పదునైన వైపు గచ్చుకేసి అరగదీస్తూ. "ఇన్ని బండ్ల మీద రాశాను గానీ ఒక్క బండి మీదా బండి ఱ రాయలేదే."